గులాబిరంగు పానీయానికి చిత్రకారుని పేరు
వెనిస్ పానశాలాధిపతి జుసెప్పె చిప్రియానీ జీవితం

మానవుని యశస్సు ఏ రూపంలో నిలుస్తుందో ముందుగా ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. రాజ్యాలు గెలిచిన వీరుల పేర్లు పలుమార్లు పాఠ్యపుస్తకాలలోనే మిగిలిపోతాయి. ఒక ఇరుకు గదిలో బల్లల నడుమ తిరుగుతూ పదిమందికి వడ్డించిన మనిషి కల్పన మాత్రం ఖండాంతరాలలో, సాయంసమయాన, ఎవరి చేతి గ్లాసులోనో నిత్యం మెరుస్తూ ఉండవచ్చు. ఇటలీ దేశంలోని వెనిస్ నగరంలో హారీస్ బార్ అనే పానశాలను నెలకొల్పిన జుసెప్పె చిప్రియానీ అటువంటి అదృష్టవంతుడు. తెల్లని కండగల పీచ్ పండు గుజ్జును ప్రొసెక్కో అనే నురుగు ద్రాక్షాసవంతో మేళవించి ఆయన తయారుచేసిన పానీయానికి బెల్లీని అని పేరు. నేడు ఆ పేరు తెలిసినవారు లోకంలో కోకొల్లలు. ఆ పేరు పెట్టినవాని కథ ఎరిగినవారు మాత్రం కొద్దిమంది.

చిప్రియానీ జీవితం ఒక పాత ప్రశ్నకు సమాధానంగా కనిపిస్తుంది. ఇతరులకు వడ్డించే వృత్తిలో దాస్యం లేకుండా బ్రతకడం సాధ్యమా? ధనమిచ్చేవాని ముందు వంగిపోకుండా, ధనం లేనివానిని చులకన చేయకుండా, ఇద్దరినీ ఒకే తీరున ఆదరించగలిగిన హోటలు ఉంటుందా? ఈ ప్రశ్నకు ఆయన ఉపన్యాసాలతో బదులు చెప్పలేదు. నలభైఅయిదు చదరపు మీటర్ల గదితోను, రెండే వస్తువులు కలిసిన పానీయంతోను బదులు చెప్పాడు.

వలస బ్రతుకు

జుసెప్పె చిప్రియానీ 1900లో వెరోనా నగరంలో సామాన్య కుటుంబంలో జన్మించాడు. ఆ కాలపు ఉత్తర ఇటలీలో పేదవారికి పని దొరకడం దుర్లభంగా ఉండేది. వేలాది కుటుంబాలు ఆల్ప్స్ పర్వతాలు దాటి జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాలకు వలసపోయేవి. చిప్రియానీ కుటుంబం కూడ అదే దారి పట్టి జర్మనీలోని ష్వెన్నింగెన్ పట్టణం చేరింది. బాలుని తొలి చదువులు పరాయిదేశంలో, పరాయిభాషలో సాగాయి. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే విదేశీయులకు అక్కడ నిలువ నీడ లేకపోయింది. ఆ కుటుంబం మూటాముల్లె సర్దుకొని వెరోనాకు మరలి వచ్చింది.

పదునాలుగేండ్ల ప్రాయంలోనే ఇల్లు వదలడమంటే ఏమిటో, మరలి రావడమంటే ఏమిటో ఆ బాలునికి అనుభవానికి వచ్చింది. పరాయిచోట అడుగుపెట్టిన మనిషి మొదట కోరేది విందు కాదు. తనను ఎవరో ఒకరు గుర్తించి పలకరించడం. ఈ సంగతి గ్రంథాల వల్ల తెలియదు. తరువాతి కాలంలో ఆయన పానశాల తలుపు తెరిచి లోనికి వచ్చిన ప్రతి అపరిచితునిపట్ల చూపిన ఆదరణకు ఈ బాల్యంలోనే బీజం పడిందని అనుకోవచ్చు.

యుద్ధానంతరం చిప్రియానీ హోటళ్ళలో సర్వరుగా కుదిరాడు. ఇటలీలోను, ఇతర దేశాలలోను పలుచోట్ల పనిచేసి, భాషలు నేర్చి, పెద్ద హోటళ్ళ మర్యాదలను, వాటి వెనుక దాగిన డాంబికాలను కూడ దగ్గరనుండి చూశాడు. చివరకు వెనిస్‌లోని యూరోపా హోటలులో పానీయాలు కలిపే ఉద్యోగం సంపాదించాడు. చలువరాతి మెట్లు, బంగారు పూత అద్దాలు, బారులుతీరిన నౌకర్లు గల ఆ భవనాలలో అతిథులు తరచు బెదిరినట్లు, బిగుసుకొని కూర్చోవడం ఆయన గమనించాడు. గొప్ప హోటలు మంచి హోటలు కానక్కరలేదనే తలంపు ఆయన మనస్సులో ఆనాడే నాటుకొన్నది.

పదివేల లీరాల అప్పు

యూరోపా హోటలుకు వచ్చిన అతిథులలో హారీ పికరింగ్ అనే అమెరికన్ యువకుడొకడు ఉన్నాడు. అతడు బోస్టన్ నగరవాసి. త్రాగుడు అలవాటునుండి తప్పించాలనే ఉద్దేశంతో బంధువులు అతనిని అత్తతో కూడ యూరపుకు పంపారు. ఔషధంగా ఎన్నుకొన్న ప్రయాణం హోటలు పానశాల ముంగిటనే ఆగిపోయింది. అత్తకు, మేనల్లునికి కలహం వచ్చింది. ఆమె ఒకనాడు తన దారిన తాను వెళ్ళిపోయింది. యువకుని చేతిలో మిగిలినవి చెల్లించవలసిన హోటలు బిల్లు, ఆమె వదలిపోయిన చిన్న కుక్క.

ప్రతిదినం వచ్చి కూర్చునే మనిషి హఠాత్తుగా రావడం మానితే మంచి సర్వరు గమనించకుండా ఉండడు. చిప్రియానీ అతనిని విచారించి, సంగతి తెలుసుకొని, తన పొదుపు సొమ్ములోనుండి పదివేల లీరాలు అప్పుగా ఇచ్చాడు. జీతం మీద బ్రతికే ఉద్యోగికి అది చిన్న మొత్తం కాదు. పత్రం లేదు, సాక్షి లేడు, హామీ లేదు. అప్పు పుచ్చుకొన్నవాడు సముద్రం దాటి పోయే మనిషి. ఇల్లు గడవవలసిన భర్త ఈ పని చేయడం లోకజ్ఞులకు వెర్రితనంగానే తోచి ఉంటుంది.

కొంతకాలం గడిచింది. అమెరికానుండి జాబు రాలేదు. ఒకనాడు పికరింగ్ స్వయంగా వెనిస్‌కు తిరిగివచ్చాడు. తీసుకొన్న పదివేల లీరాలు చెల్లించి, పైన మరి నలభైవేలు చేర్చి, ఆ ధనంతో ఒక పానశాల తెరవవలసిందని, దానికి తన పేరు పెట్టవలసిందని కోరాడు. హారీస్ బార్ పుట్టుక ఇది. త్రాగుడు మానడానికి బయలుదేరిన యువకుని పేరు లోకప్రసిద్ధమైన పానశాలకు తలుపుమీది అక్షరాలు కావడం విధి విలాసం. అంతకంటె పెద్ద విశేషం, ఆ సంస్థకు మొదటి మూలధనం మనిషిమీద మనిషికి గల నమ్మకం కావడం.

ఇరుకు సందులో విశాలమైన ఇల్లు

స్థలాన్ని కనుగొన్నది చిప్రియానీ భార్య జూలియా. సెయింట్ మార్క్ చౌకానికి చేరువలో కాల్లె వల్లరెస్సో అనే సందు చివర, నీటి ఒడ్డున, త్రాళ్ళు నిలువచేసే పాత గిడ్డంగి ఒకటి ఉండేది. ఆనాడు ఆ సందు అక్కడితో ముగిసేది; దారినపోయేవారు యాదృచ్ఛికంగా అటు రావడానికి వీలు లేదు. మరొక వర్తకుడైతే ఈ కారణం చేతనే ఆ చోటు వద్దనేవాడు. చిప్రియానీ దానినే సుగుణంగా ఎంచాడు. రాదలచినవాడే వస్తాడు; వచ్చినవాడు తనకోసమే వచ్చినట్లు.

1931 మే 13వ తేదీన హారీస్ బార్ తలుపులు తెరిచింది. లోపల చలువరాతి స్తంభాలు లేవు, బంగారు పూతలు లేవు. తక్కువ ఎత్తు గల చిన్న బల్లలు, హాయిగా ఆనుకొని కూర్చునే కుర్చీలు, కన్నులకు గ్రుచ్చుకోని వెలుగు, వీధివారి చూపు లోనికి పడకుండా మసక అద్దాల కిటికీలు. మొదట అక్కడ పానీయాలే దొరికేవి; వంటశాల తరువాత వచ్చింది. అతిథిమీద ఏ బరువూ మోపకూడదనేది యజమాని నియమం. భవనం గొప్ప మోపకూడదు, సర్వరు అతివినయం మోపకూడదు, పళ్ళెంలోని వంటకం కూడ తన ఆడంబరాన్ని మోపకూడదు.

మరుసటి సంవత్సరం, 1932లో, ఆయనకు కుమారుడు కలిగాడు. హారీ అనే పేరుకు ఇటాలియన్ రూపం అర్రీగో. తండ్రి ఆ పేరే పెట్టాడు. కుమారుని పేరు దుకాణానికి పెట్టడం లోకంలో పరిపాటి. ఇక్కడ దుకాణం పేరు కుమారునికి వచ్చింది. ఈ అర్రీగో చిప్రియానీయే పెరిగి పెద్దవాడై తండ్రి వృత్తిని చేపట్టి, దశాబ్దాలపాటు ఆ పానశాలను నడిపాడు.

సంగీతవిద్వాంసుడు టొస్కనీని, నిస్తంత్రి వార్తలకు ఆద్యుడైన మార్కోనీ, చార్లీ చాప్లిన్, ఓర్సన్ వెల్స్ మొదలైనవారెందరో ఆ చిన్న గదిలో కూర్చున్నారు. సింహాసనాలు గలవారు, పోగొట్టుకొన్నవారు కూడ వచ్చారు. అయినా చిప్రియానీ ప్రక్క బల్లవద్ద కూర్చున్న ఊరి వ్యాపారిని పక్కకు నెట్టి ప్రముఖునికి చోటు చేసిన యజమాని కాడు. ఆయన గొప్పతనమంతా ఈ సమదృష్టిలో ఉంది.

పరీక్షా సమయం

ఆ సమదృష్టికి పరీక్షాకాలం త్వరలోనే వచ్చింది. ముస్సోలీనీ ఫాసిస్టు ప్రభుత్వం విదేశీ పదాలమీద కత్తిగట్టింది. ఆంగ్లనామంతో దుకాణం నడపడం నేరమయ్యే పరిస్థితి ఏర్పడగా హారీస్ బార్ కొంతకాలం అర్రీగో బార్ అనిపించుకోవలసి వచ్చింది. 1938లో యూదులకు వ్యతిరేకమైన జాతిశాసనాలు వెలువడ్డాయి. పానశాలలోనికి యూదులను రానీయబోమనే ప్రకటన పలకను తగిలించాలని అధికారులు నిర్బంధించినప్పుడు చిప్రియానీ దానిని అతిథులకు కనబడే తలుపుమీద కాక వంటగది వైపున వ్రేలాడదీశాడని చెబుతారు. ఎదిరించి కారాగారానికి పోయిన వీరుల పంక్తిలో ఆయనను చేర్చడం అతిశయోక్తి అవుతుంది. అయితే భయం రాజ్యమేలిన రోజులలో తన గడప దగ్గర మాత్రం మనుష్యులను జల్లెడపట్టడానికి ఆయన అంగీకరించలేదు. ఒక హోటలు యజమానికి అందుబాటులో ఉన్న ధైర్యం అదే.

1943లో పానశాలను ప్రభుత్వం స్వాధీనపరచుకొని నావికుల భోజనశాలగా మార్చింది. యుద్ధం ముగిసిన పిమ్మట చిప్రియానీ మళ్ళీ తలుపులు తెరిచాడు. తలుపుమీదికి పాతపేరు తిరిగివచ్చింది.

రెండే వస్తువులు

ఇటలీలో రాత్రిభోజనానికి ముందు, సూర్యుడు వ్రాలే వేళ, తేలికైన పానీయం పుచ్చుకొనే ఆచారం ఉంది. దానిని ఆపెరిటివో అంటారు. తెరుచుట అనే అర్థంగల లాటిన్ ధాతువునుండి ఆ మాట వచ్చింది. ఆకలికి తలుపు తీసేది అని భావం. అది మత్తు కలిగించకూడదు, కడుపు నింపకూడదు, నాలుకను మొద్దుబార్చకూడదు. వెనిస్ పరిసరాలలో ఈ ఆచారం పాతది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆస్ట్రియన్ సైనికులు అక్కడి ద్రాక్షాసవం ఘాటుగా తోచి నీరు చిలకరించి త్రాగగా, చిలకరించుట అనే జర్మన్ పదంనుండి స్ప్రిట్స్ అనే పానీయం పేరు పుట్టింది. 1919లో పాడువాలో ఆపెరోల్, 1920లో వెనిస్‌లోనే సెలెక్ట్ అనే చేదు మూలికల ద్రవాలు అమ్మకానికి వచ్చి ఆ స్ప్రిట్స్‌కు ఎర్రదనాన్ని చేకూర్చాయి.

చిప్రియానీ చేదుదారి పట్టలేదు. వేసవిలో ఇటలీ అంగళ్ళలో తెల్ల పీచ్ పండ్లు గుట్టలుగా పోస్తారు. పైకి చిన్నవి, నూగుగలవి. పరిమళం మాత్రం గదినంతా ఆవరిస్తుంది. ఈ పరిమళాన్ని గ్లాసులోనికి దింపడం ఎలాగ అన్నదే ఆయన ఆలోచన. దానికి తోడుగా ఎన్నుకొన్న ప్రొసెక్కో వెనిస్‌కు ఉత్తరాన కొనెల్యానో, వాల్డొబ్బియాడెనె కొండలలో పండే ద్రాక్షనుండి తీసేది. 1876లో కొనెల్యానోలో ద్రాక్షాసవ విద్యకు ప్రత్యేక పాఠశాల నెలకొన్నది. ఆంటోనియో కార్పెనే అనే రసాయనశాస్త్రజ్ఞుడు అందుకు ముఖ్య కారకుడు. ఒకసారి పులిసిన ఆసవాన్ని చక్కెర, మధుశిలీంధ్రాలతో మరల పులియబెడితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. షాంపేన్‌లో ఈ పని సీసాలోనే జరుగుతుంది. ప్రొసెక్కో విషయంలో ఎక్కువగా మూసిన పెద్ద తొట్లలో జరుపుతారు. 1895లో ఇటాలియన్ శాస్త్రజ్ఞుడు మార్తినొత్తి ఈ పద్ధతిని కనుగొనగా, ఫ్రెంచివాడైన షార్మా 1907లో దానిని మెరుగుపరిచాడు. సీసాలో చిరకాలం మాగిన షాంపేన్‌కు కాల్చిన రొట్టెవంటి బరువైన వాసన వస్తుంది. అది పీచ్ పరిమళాన్ని అణచివేస్తుంది. ప్రొసెక్కో తేలిక, ఫలగంధం గలది, వెనిస్‌వారి ఇంటివస్తువు. పండును మింగకుండా పైకెత్తి చూపుతుంది.

వస్తువులు రెండే కావడం వల్ల పని సులభమనుకోరాదు. తప్పు జరిగితే దాచుకోవడానికి మూడవ వస్తువు లేదు. పండ్లు బాగా పండి ఉండాలి. పచ్చికండగల పసుపు పీచ్‌లు పనికిరావు, వాటికి రుచి ఉన్నా ఈ సుకుమారమైన సువాసన లేదు. టెంక తీసి, సన్నకన్నుల జల్లెడమీద వేసి, చేతితో పిసికి గుజ్జు దింపాలి. రసాల మామిడిని చేతితో పిసికి రసం తీసే తెలుగు ఇండ్లవారికి ఇందలి మర్మం వేరుగా చెప్పనక్కరలేదు. యంత్రంలో వేసి తిప్పితే గుజ్జులోనికి గాలి చొరబడుతుంది. నురుగు తేలడమే కాక తెల్లని కండ గోధుమరంగుకు తిరుగుతుంది. కోసిన పండు గాలి తగిలి నల్లబడడం అందరూ ఎరిగినదే. అందుకే గుజ్జును వెంటనే చల్లని చోట ఉంచుతారు. కొందరు నిమ్మరసం నాలుగు చుక్కలు చేరుస్తారు. పులుపు హెచ్చితే కొద్దిగా చక్కెరపాకం కలుపుతారు. తొక్కలోని అరుణిమ, టెంకచుట్టు కండలోని ఎర్రజీరలు గుజ్జుకు లేత గులాబి ఛాయ ఇస్తాయి. ఆ ఛాయ చాలకపోతే రాస్ప్‌బెర్రీ రసం చుక్క వేసేవారూ ఉన్నారు.

హారీస్ బార్ పాళ్ళు ఒక వంతు గుజ్జుకు మూడు వంతుల ప్రొసెక్కో. పానీయాలు కలిపేవారి అంతర్జాతీయ సంఘం నిర్ణయించిన పాళ్ళలో గుజ్జు కొంచెం హెచ్చు: ప్రొసెక్కో 100 మిల్లీలీటర్లు, గుజ్జు 50 మిల్లీలీటర్లు. గ్లాసు, గుజ్జు, సీసా మూడూ బాగా చల్లబడి ఉండాలి; వెచ్చని ద్రవంలో వాయువు నిలువదు. మొదట గుజ్జు పోసి, దానిపై ప్రొసెక్కోను మెల్లమెల్లగా, ఆగి ఆగి పోయాలి. గుజ్జులోని సన్నని నలుసులను ఆశ్రయించి బుడగలు ఒక్కసారిగా విజృంభిస్తాయి; తొందరపడితే సగం బల్లమీద ఒలికిపోతుంది. చెంచాతో అడుగునుండి ఒకటి రెండుసార్లు మృదువుగా లేపితే చాలు. గట్టిగా కలియబెట్టినా, కుదిపినా బుడగలన్నీ పోయి పండ్లరసం మాత్రం మిగులుతుంది. చిప్రియానీ దీనిని పొడవైన షాంపేన్ గ్లాసులో కాక చిన్న నిలువు గ్లాసులో ఇప్పించేవాడు. చల్లదనం పోకముందే ముగియాలనేది అందులోని ఆంతర్యం.

చిత్రకారుని గులాబి

ఈ పానీయం పుట్టిన సంవత్సరం విషయంలో కథనాలు ఏకీభవించవు. కొందరు 1930 తరువాతి తొలిరోజులను, మరికొందరు 1948ని చెబుతారు. దాని నామకరణం మాత్రం చిత్రకళతో ముడిపడి ఉంది. 1949 వేసవిలో వెనిస్ డ్యూకుల ప్రాసాదంలో జొవన్ని బెల్లీని చిత్రాల మహాప్రదర్శన జరిగింది. యుద్ధపు మసినుండి తేరుకొంటున్న నగరం తన ప్రాచీన వైభవాన్ని తిరిగి చూచుకొన్న ఘట్టమది. 1516లో మరణించిన బెల్లీని వెనిస్ చిత్రకళకు తండ్రివంటివాడు. జార్జొనె, టిషన్ వంటి మహాశిల్పులు ఆయన ప్రభావంలో పెరిగినవారే. తైలవర్ణాలలో వెలుగును ఇంకించడం ఆయన విశిష్టత. ఆయన చిత్రాలలో సాధువుల వస్త్రాలమీద లోపలినుండి ప్రసరించే లేత గులాబికాంతి ఒకటి ఉంటుంది. తన గ్లాసులోని రంగులో చిప్రియానీకి ఆ కాంతి తోచింది. పానీయానికి బెల్లీని అని పేరు పెట్టాడు.

ఇది కేవలం వర్తకపు యుక్తి అని తీసివేయరాదు. బడికి పెద్దగా పోని సర్వరు తన నగరపు మహాచిత్రకారుని తన సొంతంగా భావించడంలో ఒక హక్కు ప్రకటన ఉంది. దేవాలయాల గోడలమీద, పండితుల గ్రంథాలలో ఉన్న కళ సాయంకాలపు బల్లమీదికి దిగివచ్చింది. అదే తీరున, వైద్యుడు వండిన మాంసాన్ని నిషేధించిన ఒక ప్రభ్వికోసం ఆయన పలుచగా కోసిన పచ్చి గోమాంసంతో ఒక వంటకం చేయించి, ఎరుపు తెలుపుల వన్నెను చూచి మరొక వెనిస్ చిత్రకారుడు కార్పాచ్చో పేరు పెట్టాడు. ఆ మాట తరువాత అనేక భాషలలోనికి ఎక్కి, పలుచగా తరిగిన ప్రతి వంటకానికీ సామాన్యనామమైపోయింది.

పండు మారితే పేరు మారును

బెల్లీని పద్ధతి తెలిసినవారికి దాని సంతానాన్ని ఊహించడం కష్టం కాదు. పీచ్ బదులు స్ట్రాబెర్రీ గుజ్జు వేస్తే రొస్సీని. నారింజ జాతికి చెందిన మాండరిన్ రసం పోస్తే పుచ్చీని. దానిమ్మరసంతో టింటొరెట్టో, ఎర్రద్రాక్ష రసంతో టిజియానో, అనగా టిషన్. ఈ పేర్లలో ఒక తమాషా ఉంది. టింటొరెట్టో, టిజియానోలు చిత్రకారులు. చిప్రియానీ నడిచిన దారిలోనివి. రొస్సీని, పుచ్చీనిలు సంగీతకర్తలు. ఇటలీలో విన్‌చెన్‌జో బెల్లీని అనే సుప్రసిద్ధ సంగీతకర్త కూడ ఉన్నాడు. చిత్రకారుని పేర పుట్టిన పానీయాన్ని సంగీతకర్తదిగా భావించడం వల్లనో, ధ్వనిసామ్యం వల్లనో, ఆ కుటుంబం రెండు శాఖలుగా చీలింది. లోకంలో పేర్లు ఇలాగే పెరుగుతాయి.

ఈ భేదాలన్నిటికీ ఋతువే మూలం. వసంతంలో స్ట్రాబెర్రీ, వేసవిలో పీచ్, శరత్తు మొదట ద్రాక్ష, పిమ్మట దానిమ్మ, శీతకాలంలో మాండరిన్. ప్రతి పండు స్వభావాన్ని బట్టి పాళ్ళు మార్చుకోవాలి. దానిమ్మ, మాండరిన్‌లు పలుచని రసాలు గనుక పొంగు తక్కువ, పులుపు ఎక్కువ; తీపి కొంచెం చేర్చవలసి వస్తుంది. స్ట్రాబెర్రీ గింజలు జల్లెడలో నిలిచిపోవాలి. లేకపోతే నాలుకకు తగులుతాయి. మద్యం పుచ్చుకోనివారికి ప్రొసెక్కో స్థానంలో పులియని తెల్లద్రాక్షరసమో, సోడానీరో వాడే పద్ధతి కూడ ప్రచారంలో ఉంది. పండు మంచిదైతే అందులోనూ పరిమళానికి లోటు రాదు. మొదట్లో హారీస్ బార్‌లో బెల్లీని జూన్ మొదలు సెప్టెంబరు వరకే లభించేది. పండు లేనప్పుడు పానీయమూ లేదు. గుజ్జును గడ్డకట్టించి నిలువచేసే సాధనాలు వచ్చిన తరువాతనే అది పన్నెండు మాసాల వస్తువయింది. ఈ సౌకర్యం వల్ల దాని కీర్తి సముద్రాలు దాటింది. ఎదురుచూచి అందుకొనే ఆనందం మాత్రం కొంత సన్నగిలింది.

ద్వీపంలో సత్రం

చిప్రియానీ దృష్టి ఒక్క పానశాలతో ఆగలేదు. వెనిస్ సరస్సులో టోర్చెల్లో అనే ద్వీపం ఉంది. ఒకనాడు జనంతో కళకళలాడి, తరువాత పాడుపడి, ప్రాచీన దేవాలయాలు, పొలాలు మాత్రం మిగిలిన చోటు. 1930 తరువాతి సంవత్సరాలలో ఆయన అక్కడి ఒక చిన్న దుకాణాన్ని కొని కొద్ది గదుల సత్రంగా తీర్చాడు. పెరటి కూరగాయలు, సరస్సు చేపలు, నిశ్శబ్దం. అక్కడి ఐశ్వర్యం అంతే. 1948 శరత్తులో అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే ఆ సత్రంలో విడిది చేశాడు. 1950లో వెలువడిన ఆయన నవలలో హారీస్ బార్ ప్రస్తావన పలుమార్లు వస్తుంది. పానశాల మూలలోని బల్ల హెమింగ్వే బల్లగా ప్రసిద్ధికెక్కింది. సాహిత్యం వల్ల యాత్రికులు, యాత్రికుల వల్ల ధనం వచ్చాయి. అయినా చిప్రియానీ గోడలు పగులగొట్టి గదిని పెంచలేదు.

1958లో జుదెక్కా ద్వీపంలో ఆయన పేరుతో పెద్ద హోటలు వెలసింది. ఐర్లండుకు చెందిన గిన్నెస్ వంశీయుల పెట్టుబడి అందుకు తోడ్పడింది. హోటళ్ళ గొప్పను చూచి విసిగి చిన్న గదిని ఎన్నుకొన్న మనిషి పేరు చివరకు గొప్ప హోటలు తలమీదికి ఎక్కడం విచిత్రంగా తోచవచ్చు. ఆ హోటలు తరువాత పరహస్తగతమైంది. ఇంటిపేరు కూడ అంగడి సరకు కాగలదని, దానిని అమ్మినంత సులభంగా అందులోని ఆదరణను అమ్మడం కుదరదని ఈ ఉదంతం వల్ల తేలుతుంది. ఆయన ఆత్మ మాత్రం కాల్లె వల్లరెస్సోలోని ఆ నలభైఅయిదు చదరపు మీటర్లలోనే ఉండిపోయింది.

కడపటి మాట

వార్ధక్యంలో చిప్రియానీ తన పానశాల మూలన కూర్చుని చూచిన లోకాన్ని గురించి ఒక స్మృతిగ్రంథం వెలువరించాడు. 1978లో అది అచ్చయింది. 1980లో ఆయన కన్నుమూశాడు. 2001లో ఇటలీ సాంస్కృతిక మంత్రిత్వశాఖ హారీస్ బార్‌ను జాతీయ ప్రాధాన్యం గల కట్టడంగా ప్రకటించింది. రాజప్రాసాదాలకు, దేవాలయాలకు దక్కే గౌరవం త్రాళ్ళ గిడ్డంగికి దక్కింది. కాపాడదగినది అందులోని ఇటుకలు కావు, ఒక నడవడి.

మద్యశాలాధిపతి చరిత్ర చదివి నేర్చుకోవలసినది ఏముందని అడిగేవారు ఉండవచ్చు. పత్రం లేకుండా పదివేల లీరాలు ఇచ్చినప్పుడు, నిషేధపు పలకను అతిథి కంటబడనీయనప్పుడు, పండు కాలం ముగియగానే పానీయం లేదని చెప్పినప్పుడు చిప్రియానీ చేసినది ఒక్కటే. ఎదుటివానిని మోసగించలేదు, అవమానించలేదు. సేవకు, దాస్యానికి మధ్య గీత ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలుసు. అప్పు తీర్చడానికి సముద్రం దాటి మరలివచ్చిన పికరింగ్‌కు కూడ అది తెలుసు. వెనిస్‌లో పీచ్ పండ్లు అంగడికి వచ్చే జూన్ మాసంలో, చేతితో దింపిన గుజ్జుమీద ప్రొసెక్కోను ఆగి ఆగి పోసేవారందరూ, ఎరిగో ఎరుగకో, ఆ ఇద్దరి నమ్మకానికి వారసులు.